కొండకు కట్టిన ధర

దంతెవాడ జిల్లా బైలాడిలా కొండల ఇనుప ఖనిజం కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం మీదుగా విశాఖకు చేరుతుంది. దానిని తవ్వే ఎన్‌ఎండీసీ ప్రధాన కార్యాలయం హైదరాబాదులో ఉంది. ఆ కొండల గోడు తెలుగువారికి పరాయిది కాదు.

అటవీభూమిని గనికి అప్పగించేటప్పుడు దాని ‘నికర వర్తమాన విలువ’ను వసూలు చేస్తారు. గోదావర్మన్ కేసులో కాంచన్ చోప్రా కమిటీ ఇందుకు పద్ధతిని సూచించింది. 2008 మార్చిలో సుప్రీంకోర్టు అడవి రకాన్ని, సాంద్రతను బట్టి హెక్టారుకు 4.38 లక్షల నుంచి 10.43 లక్షల రూపాయల వరకు ఖరారు చేసింది. అడవి చేసే మేలుకు ఫైళ్లలో ధరే లేని రోజులతో పోలిస్తే అది ముందడుగే.

అయితే ఈ గణితం స్వభావమే భవిష్యత్తును కుదించడం. ఏటా 5 శాతం చొప్పున తగ్గిస్తూ పోతే, ఇరవై ఏళ్ల తర్వాత అందే వంద రూపాయల మేలు నేటి లెక్కలో 38 రూపాయలు. యాభై ఏళ్ల తర్వాత అందేది 9 రూపాయలైనా కాదు. మనుమల కాలంలో పారవలసిన వాగుకు ఈ పద్దులో దక్కేది చిల్లరే.

2019 జూన్‌లో 13వ నిక్షేపం తవ్వకాన్ని వ్యతిరేకిస్తూ వేలాది ఆదివాసులు కిరండూల్‌లో బైఠాయించారు. అది వారి నందరాజ్ దేవుని కొండ. సుమారు 315 హెక్టార్ల ఆ అడవికి 2008 నాటి అత్యధిక రేటు కట్టినా మొత్తం 33 కోట్లు దాటదు. రాష్ట్ర ప్రభుత్వం పనులు ఆపింది ఆ అంకెను చూసి కాదు. 2014లో హిరోలి గ్రామసభ ఇచ్చినట్టు చూపిన సమ్మతి నకిలీదన్న ఆరోపణపై విచారణకు ఆదేశించవలసి వచ్చింది.

ధర చెప్పగల సూత్రం, అమ్మాలో వద్దో చెప్పజాలదు. ధరలు ఖరారు చేసిన సుప్రీంకోర్టే 2013లో ఒడిశాలోని నియమగిరి ప్రశ్నను గ్రామసభల ముందుంచింది. పన్నెండు గ్రామసభలూ గనిని తిరస్కరించాయి.

2022 అటవీ పరిరక్షణ నిబంధనలు ఈ వరుసను తలకిందులు చేశాయి. సొమ్ము జమ, కేంద్రం తుది ఆమోదం ముందు. అటవీహక్కుల చట్టం అమలు, రాష్ట్రం బాధ్యతగా, ఆ తర్వాత. అన్నీ ముగిశాక సమ్మతి అడిగితే, కాదనే స్వేచ్ఛ గ్రామసభకు ఎంత మిగులుతుంది? లెక్కలు వేయవలసిందే. గ్రామసభ కూర్చునే రోజున వాటిని దాని ముందు పరచాలి. తీర్పు అది చెప్పాలి.