రిసీవరు వెనక ప్లేటు

చల్లపల్లి చుట్టుపక్కల ఊళ్ల నుంచి హోమ్ థియేటర్ పెట్టించుకుందామని నా దగ్గరకొచ్చేవాళ్లు ముందు అడిగేది ఒకటే: "ఎన్ని వాట్లండీ?" ఆ తర్వాత, "ఎంతలో వస్తుంది?" రెండూ అడగాల్సినవే. కానీ జవాబు చెప్పేముందు నేను అడిగేవి కొన్ని ఉంటాయి. హాలు పొడుగెంత, వెడల్పెంత? కింద గ్రానైటా, టైల్సా? ఇంటికి ఎర్తింగు ఎప్పుడు వేయించారు? ఉరుములు మొదలవగానే టీవీ ప్లగ్గు పీకే అలవాటుందా? ఇవేం ప్రశ్నలన్నట్టు చూస్తారు. మన డెల్టాలో ఒక రిసీవరు పదేళ్లు పాడుతుందా, రెండో వానాకాలానికే నా బెంచీ మీదకొస్తుందా అన్నది తేల్చేవి ఇవే.

నేను పని నేర్చుకున్నది టేపురికార్డర్ల కాలంలో. 4440 ఐసీ ఒకటి, ట్రాన్స్‌ఫార్మరు ఒకటి, ఒక రేకు డబ్బా ఉంటే ఆంప్లిఫయరు తయారైపోయేది. కాస్త పెద్ద సెట్టయితే 2ఎన్3055లు, తర్వాత్తర్వాత 5200, 1943 ట్రాన్సిస్టర్ల జతలు. విజయవాడ వెళ్లి బోర్డులు తెచ్చుకుని ఇక్కడ బిగించి ఇచ్చేవాళ్లం. పెళ్లిళ్లలో మోగినవీ, టీ కొట్టుల్లో మోగినవీ అవే. వాటిలో నాకు ఇప్పటికీ నచ్చే గుణం, ఏది పోయినా సాయంత్రానికల్లా మార్చి ఇవ్వగలగడం. కంపెనీ రిసీవరు కొనేటప్పుడు కూడా నేను ఆ గుణమే వెతుకుతాను. కొన్న రోజు ధర తక్కువైనంత మాత్రాన అది చవక కాదు. రిపేరుకి లొంగాలి, మన కరెంటుకి తట్టుకోవాలి.

చాలా ఇళ్లలో హోమ్ థియేటర్ అంటే ఒకే అట్టపెట్టెలో వచ్చే సెట్టు: సబ్ ఊఫరు డబ్బా, అయిదు బుల్లి స్పీకర్లు, ఒక రిమోటు. తక్కువ డబ్బుతో సరదా తీరుతుంది, వద్దనను. కాకపోతే ఆంప్లిఫయరు ఆ ఊఫరు డబ్బాలోనే ఉంటుంది. అది పోయిందంటే మిగతా స్పీకర్లు చాలావరకు దేనికీ పనికిరావు, వాటి ఓమ్స్ వేరు, పిన్నులు వేరు. ఆంప్లిఫయరు విడిగా ఒక డబ్బాలో ఉండే రిసీవరు అలా కాదు. ఈ ఏడు రిసీవరు, ముందు రెండు స్పీకర్లు కొనుక్కోండి. వచ్చే పంటకి సెంటరు, ఆపైన ఊఫరు. దేనికది విడిగా మారుతుంది. రైతు ఇంటి రాబడి వచ్చే తీరుకి ఈ పద్ధతే నప్పుతుంది.

ఇక వాట్లు. అట్టపెట్టె మీద పెద్దక్షరాల్లో 145 వాట్లు అనో, ఇంకా ఎక్కువో ఉంటుంది. అలాంటివి అయిదు ఛానళ్లు అనగానే మనవాళ్లు గుణించేసుకుంటారు. దాని కింద చిన్నక్షరాలు చదివితే తెలుస్తుంది, అది ఒక్క ఛానలే నడిపి, ఒక్క 1 కిలోహెర్ట్జ్ టోను మీద, శబ్దం కాస్త చెదిరినా పర్వాలేదనుకుని కొలిచిన అంకె. ఈ తంతు కొత్తదేం కాదు. ఇలాంటి ప్రకటనలు శ్రుతి మించబట్టే అమెరికాలో 1974లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆంప్లిఫయర్ల వాట్లు ఎలా కొలిచి చెప్పాలో ఒక నిబంధన పెట్టింది. అందుకని అంకె పక్కన "20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ వరకు, రెండు ఛానళ్లు నడిపి" అని రాసి ఉందేమో చూడండి. అలా రాసిన 70 వాట్లు, ఏమీ రాయని 150 వాట్ల కంటే నమ్మదగినవి.

తర్వాత రిసీవరుని తిప్పి వెనక ప్లేటు చదవండి. కరెంటు ఎన్ని వాట్లు తీసుకుంటుందో అక్కడ ఉంటుంది. తక్కువ ధర రిసీవర్లలో సుమారుగా 250 దగ్గర కనిపిస్తుంది. గోడలోంచి 250 తీసుకునే డబ్బా అయిదు స్పీకర్లకి కలిపి నిలకడగా 700 వాట్లు ఎక్కణ్ణుంచి తెచ్చిస్తుంది? షోరూములో నేను రిసీవరుని రెండు చేతులతో ఎత్తి చూస్తాను. ఏడెనిమిది కిలోలుండి, బరువు ఒక పక్కకి లాగుతోందంటే లోపల నిజమైన ట్రాన్స్‌ఫార్మరు ఉన్నట్టు. డిజిటల్ ఆంప్లిఫయర్లకి ఈ లెక్క వర్తించదు. మామూలు వాటికి మాత్రం ఈ పరీక్ష నన్ను ఎప్పుడూ మోసం చేయలేదు.

అసలు వాట్లకి అంత ప్రాణం పెట్టాల్సిన పని లేదు. పవరు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి రెట్టింపు మోతగా అనిపించాలంటే దాదాపు పది రెట్లు పవరు కావాలి. 50 వాట్లకీ 70 వాట్లకీ మధ్య తేడా ఒకటిన్నర డెసిబెల్స్, హాల్లో కూర్చున్నవాడికి పట్టదు. అదే 85 డెసిబెల్స్ సెన్సిటివిటీ ఉన్న స్పీకర్లు తీసి 91వి పెట్టండి, నాలుగు రెట్ల పవరున్న ఆంప్లిఫయరు కొన్నంత ఫలితం. అందుకే మొత్తం బడ్జెట్లో సగానికి మించి రిసీవరు మీద పెట్టనివ్వను. మిగతా సగం స్పీకర్లకే. స్పీకర్ల వెనక ఓమ్స్ అంకె కూడా చూసుకోవాలి. చాలా తక్కువ ధర రిసీవర్లు 6 ఓమ్స్‌కి తగ్గకుండా పెట్టమంటాయి. కుర్రాళ్లు కారులోంచి తీసిన 4 ఓమ్స్ స్పీకర్లు తగిలించి, అరగంటకోసారి ప్రొటెక్షన్లోకి వెళ్లిపోతోందని సెట్టు మోసుకొస్తారు. ఆ సెట్టుకి ఏ జబ్బూ ఉండదు.

మా వైపు దాదాపు ప్రతి ఊరికీ అమెరికాతో చుట్టరికం ఉంది. పిల్లలు అక్కడ వాడిన రిసీవరుని సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టి తెస్తారు. ఒకాయన అవనిగడ్డ వైపు నుంచి అలాంటిదే పట్టుకొచ్చారు.

"మా వాడు డల్లాస్ నుంచి తెచ్చాడయ్యా. పిన్ను అడాప్టరు కూడా తెచ్చాడు. పెట్టెయ్యమంటావా?"

"ఆగండి బాబాయి గారూ, వెనక్కి తిప్పండి."

వెనక "120 వోల్టులు, 60 హెర్ట్జ్" అని ఉంది. మన గోడలో 230. ల్యాప్‌టాప్ చార్జరు 100 నుంచి 240 దాకా దేనికైనా సర్దుకుంటుంది. రిసీవర్లలో చాలావాటికి ఆ వీలు లేదు. అడాప్టరు పిన్నుల ఆకారం మారుస్తుంది గానీ వోల్టేజి మార్చదు. ఆయన సెట్టుకి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు పెట్టించాను, 750 వీఏది. అంత మంచి రిసీవరు కొత్తది కొనాలంటే ఇక్కడ చాలా అవుతుంది, కాబట్టి ట్రాన్స్‌ఫార్మరు ఖర్చు దండగ కాదు. ప్లగ్గు పెట్టేముందు ఆ ఒక్క లైను చదవాలి, అంతే.

నా బెంచీ మీదకొచ్చే రిసీవర్లలో నన్ను బాగా బాధపెట్టేది పిడుగు దెబ్బ. ఇంటి మీదే పడక్కర్లేదు. వీధి చివర స్తంభం దగ్గర పడినా కరెంటు తీగ గుండానో, డిష్ కేబులు గుండానో దెబ్బ లోపలికొస్తుంది. అలాంటి సెట్టు మూత తీస్తే చూడ్డానికి ఏమీ కనిపించదు. మాడిన వాసనుండదు, ఫ్యూజు బాగానే ఉంటుంది, ఆన్ అవుతుంది, రేడియో కూడా పలుకుతుంది. టీవీ మాత్రం రాదు. పోయింది హెచ్‌డీఎంఐ బోర్డు. అక్కడి చిప్పులు పనిచేసేది అయిదు వోల్టులకి లోపు, ఆ దెబ్బకి ఆగలేవు. డిష్ కేబులు నుంచి సెట్‌టాప్ బాక్సుకి, దాన్నుంచి టీవీకి, టీవీ నుంచి రిసీవరుకి, రాగి తీగ ఉన్నంత మేరా వెళుతుంది. ఆ బోర్డు దొరకడం కష్టం, దొరికినా దాని ఖరీదు వింటే ఇంటాయన మొహం చూడలేం.

దీనికి నేను కనిపెట్టిందేమీ లేదు, టీవీ వెనకే ఒక దారి ఉంది. ఆప్టికల్ అవుట్. ఆ కేబుల్లో పోయేది వెలుతురు, లోపలున్నది ప్లాస్టిక్ పోగు. కరెంటు దాని గుండా దాటదు. టీవీకి దెబ్బ తగిలినా ఆ దారిన రిసీవరుకి రాదు. ఇంకో లాభం, డిష్ కేబులు వల్ల స్పీకర్లలో వచ్చే "బూఁ" అనే హమ్ము చాలాసార్లు దీనితోనే పోతుంది. డాల్బీ డిజిటల్ 5.1, డీటీఎస్ రెండూ ఇందులోంచి వస్తాయి. పైనుంచి కూడా శబ్దం పలికించే ఆట్మాస్ రాదు, దానికి హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ కావాలి. టీవీ సెట్టింగుల్లో డిజిటల్ సౌండు 'పీసీఎం' మీద ఉంటే రెండు ఛానళ్లే వస్తాయి, దాన్ని 'డాల్బీ డిజిటల్' మీదకో 'ఆటో' మీదకో మార్చుకోవాలి. అయిదు స్పీకర్లు పెట్టుకుని ఈ ఒక్క సెట్టింగు తెలియక ఏళ్ల తరబడి స్టీరియో వింటున్న ఇళ్లు చూశాను.

కరెంటు దారిని వచ్చే దెబ్బకి ప్లగ్గు తీయడం, మంచి ఎర్తింగు, ఇవే మందు. మన దగ్గర నాలుగడుగులు తవ్వితే చెమ్మ, ఎర్తు దొరకడం సులువే. కోడూరు, నాగాయలంక వైపు ఉప్పునీళ్లలో ఆ జీఐ పైపే తుప్పు పట్టి తెగిపోతుంది, పైన మూత మాత్రం చక్కగా కనిపిస్తుంటుంది. కొన్నేళ్లకోసారి ఎలక్ట్రీషియన్ని పిలిచి చూపించండి.

ఆట్మాస్ గురించి కుర్రాళ్లు తప్పకుండా అడుగుతారు. 2012లో థియేటర్లలోకి వచ్చింది. ఇంట్లో అది కావాలంటే పైనుంచి పలికే స్పీకర్లు కనీసం రెండు, ఏడు ఛానళ్ల రిసీవరు కావాలి. 30, 40 వేల రిసీవరు బడ్జెట్లో దాని వెనక పడితే ముందు మూడు స్పీకర్లూ నాసిరకానివి అవుతాయి. నా సలహా అయిదు స్పీకర్లు, ఒక ఊఫరు, అంటే 5.1 దగ్గర ఆగమనే.

ఆ ముందు మూడింట్లో సెంటరు ముఖ్యం. సినిమాలో మాటలన్నీ దాదాపు అక్కణ్ణుంచే వస్తాయి. ఘంటసాల వైపు ఒక రిటైర్డు మాస్టారు ఇంట్లో కొత్త సెట్టు పెట్టుకుని నెల తిరక్కుండానే నన్ను పిలిచారు.

"పాటొస్తే ఇల్లదిరిపోతోంది, మాట మాత్రం వినపడదు బాబూ. రిసీవరు మార్చేయమంటావా?" అన్నారు.

"మీరు కూర్చోండి మాస్టారూ, ముందు చూద్దాం" అన్నాను.

సెంటరు స్పీకరు షోకేసు అరలో, అద్దం తలుపు వెనక, షీల్డుల మధ్య ఉంది. రిసీవరు మీద వాళ్లావిడ అల్లిన లేసు గుడ్డ, గాలి పోయే చిల్లులన్నీ మూసుకుని. ముందు ఆ గుడ్డ టీవీ స్టాండు మీదకి మార్చాం, రిసీవరు పైన నాలుగంగుళాలు ఖాళీ ఉంచాం. సెంటరుని టీవీ కింద స్టాండు అంచుకి లాగి, మాస్టారు కూర్చుంటే చెవి ఎంత ఎత్తులో ఉంటుందో చూసి, కింద రబ్బరు ముక్క పెట్టి ఆ వైపు వంచాను. టేపుతో ఆయన కుర్చీ నుంచి ఒక్కో స్పీకరు దాకా కొలిచి సెట్టింగుల్లో వేశాను. అడుగు దూరానికి శబ్దం సుమారు ఒక మిల్లీసెకను తీసుకుంటుంది, ఆ తేడాని రిసీవరు సర్దుతుంది. స్పీకర్లన్నీ 'స్మాల్', క్రాసోవరు 80 హెర్ట్జ్, అంతకంటే కింది శబ్దమంతా ఊఫరుకి. సెంటరు 3 డెసిబెల్స్ పెంచాను. రాత్రిపూట చూసేటప్పుడు నొక్కుకోమని నైట్ మోడు చూపించాను. గ్రానైటు నేల మీద ఒక జంపఖానా పరవమన్నాను, ఖాళీ గోడకి మందపాటి కర్టెను. ఆ సాయంత్రం ఆయన పాత సినిమా పెట్టుకుని, డైలాగు రాగానే వంటింట్లో ఉన్న ఆవిణ్ణి పిలిచి వినమన్నారు. రిసీవరు మార్చాల్సిన పని లేకపోయింది.

డబ్బు మరీ బిగుతుగా ఉన్నవాళ్లకి నేను చెప్పేది సెకండ్‌హ్యాండు. పదేళ్ల నాటి మంచి కంపెనీ రిసీవరులో 4కే ఉండకపోవచ్చు, కానీ టీవీ బొమ్మని ఎలాగూ టీవీయే చూసుకుంటుంది. శబ్దం ఆప్టికల్లో వస్తుంది. కొత్తదాంట్లో సగం ధర కూడా పడదు. చూసేటప్పుడు తొందరపడొద్దు. మూత చిల్లుల్లోంచి టార్చి వేసి చీమల పుట్టగానీ బల్లి గుడ్లుగానీ ఉన్నాయేమో చూడండి, వెచ్చగా ఉంటుందని చేరతాయి. వెనక సాకెట్లు పచ్చబడి ఉంటే వదిలేయండి. ఆన్ చేశాక కొన్ని సెకన్లకి లోపల రిలే టక్కుమనాలి. వాల్యూము తిప్పితే గరగరమనకూడదు. ఒక గంట మోగనిచ్చి పైన చెయ్యి పెట్టండి, వెచ్చగా ఉండాలి గానీ చెయ్యి నిలవనంత వేడి పనికిరాదు. అప్పుడు మెనూలోకి వెళ్లి టెస్ట్ టోను పెట్టండి. ఆ 'ష్‌' చప్పుడు అయిదు స్పీకర్లూ, ఊఫరూ ఒకదాని తర్వాత ఒకటి ఎక్కడా తగ్గకుండా తిరిగి వచ్చాకే డబ్బులు తీయండి.