బోధన్ పెట్టెలో రికార్డులు.. ఏ టర్న్‌టేబుల్ కొనాలి?

నిజామాబాద్ బస్టాండులో బోధన్ బస్సెక్కితే, దిగేలోపు ఒక ఎల్పీ రికార్డును రెండు వైపులా వినేయొచ్చు. దూరం పాతిక కిలోమీటర్లే. జానకంపేట, ఎడపల్లి దాటాక రోడ్డుకు రెండు పక్కలా ఒకప్పుడు చెరకే కనిపించేదంటారు పెద్దవాళ్లు. ఇప్పుడు ఎక్కువగా వరి.

ఈ మధ్య ఈ రోడ్డు మీద నాలుగైదు సార్లు తిరిగాను. కారణం ఒక టర్న్‌టేబుల్. హైదరాబాద్‌లో మా టీమ్‌లో కొందరికి ఇది కొత్త సరదా. ఏ మోడల్ కొనాలని అడిగితే తలా ఒక వీడియో లింక్ పంపారు. వాటిలో దాదాపు ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది: అసలు మీ ఇంట్లో ఏ రికార్డులున్నాయి? నా విషయంలో కథంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

శక్కర్‌నగర్ నుంచి వచ్చిన పెట్టె

మంజీరా మీద నిజాంసాగర్ 1931లో పూర్తయింది. ఆ నీళ్లతో ఇక్కడ చెరకు పెరిగింది. ఆ చెరకు కోసం బోధన్ శివార్లలోని శక్కర్‌నగర్‌లో 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పెట్టారు. ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీ అని దీనికి పేరు. 2002లో ప్రైవేటు చేతుల్లోకి వెళ్లింది. 2015 డిసెంబరులో మూతపడింది. ఇప్పుడు గేటు బయట నిలబడితే పొగ రాని చిమ్నీ కనిపిస్తుంది.

మా తాత ఈ ఫ్యాక్టరీలోనే పనిచేసి రిటైరయ్యాడు. క్వార్టర్ ఖాళీ చేసి బోధన్‌లో ఇల్లు కట్టుకున్నప్పుడు వెంట తెచ్చుకున్న సామానులో ఒక రేకు పెట్టె ఉంది. అందులో 62 రికార్డులు. లెక్కపెట్టి రాసుకున్నాను: లక్కతో చేసిన 78 వేగం రికార్డులు 9, చిన్న ఈపీలు 31, పెద్ద ఎల్పీలు 22.

ఆ పెట్టె చూస్తే ఈ ప్రాంతం అర్థమైపోతుంది. తెలుగు సినిమా పాటలున్నాయి, ఘంటసాల భగవద్గీత ఉంది. కోస్తా నుంచి నిజాంసాగర్ ఆయకట్టుకు వచ్చి క్యాంపుల్లో స్థిరపడ్డ రైతులతో పాటు వచ్చిన నాటక పద్యాలున్నాయి. ఉర్దూ ఖవ్వాలీలున్నాయి. నాందేడ్ దగ్గరే కాబట్టి మరాఠీ అభంగాలూ ఉన్నాయి. వీటిలో రెండింటిని, ఒక పద్యాల రికార్డును, ఒక ఖవ్వాలీని, ఫోన్‌లో ఎంత వెతికినా ఏ యాప్‌లోనూ దొరకలేదు.

"మీ తాత ఉన్నప్పుడు ఐతారం పొద్దుగాల పెడుతుండె బిడ్డా. ఆయన పోయినంక ఎవ్వరు ముట్టలే," అన్నది మా అవ్వ. ఆమె అడిగింది ఒక్కటే, ఆ పద్యాల రికార్డు ఇంకోసారి వినాలని. "ఖరాబైతే ఐతది తియ్యి, ఒక్కపారి ఇనిపియ్యి."

నాకు భయం అక్కడే మొదలైంది. సినిమా పాట పాడైతే ఇంకో చోట వినొచ్చు. ఇది పాడైతే మాకు ఇంకో కాపీ లేదు.

"సౌదీ మాలా? దుబాయ్ మాలా?"

ఇంట్లో ఒక పాత ప్లేయర్ ఉంది. మా చిన్నాయన సౌదీ నుంచి తెచ్చింది. ప్లగ్గు పెడితే తిరిగింది గానీ, పాట సాగుతోంది. గాయని గొంతు కాస్తా మగ గొంతులా వినిపిస్తోంది. దాన్ని బస్సులో వేసుకుని నిజామాబాద్ తీసుకెళ్లాను. గాంధీ చౌక్ వైపు పాత రేడియోలు, టేప్ రికార్డర్లు బాగుచేసే చాచా ఒకాయన ఉన్నాడని చెప్పారు.

ఆయన మూత కూడా తీయకుండా అడిగాడు: "సౌదీ మాలా బేటా, దుబాయ్ మాలా?"

సౌదీ అన్నాను.

"ఆడికెల్లి వచ్చినయి గిట్లనే సాగుతయ్. ఆడ కరెంటు వేరే."

గల్ఫ్‌కు ఇంత మంది వెళ్లిన జిల్లాలో మెకానిక్ అడగాల్సిన మొదటి ప్రశ్న అదే. సౌదీలో కరెంటు 60 హెర్ట్జ్, దుబాయ్‌లో మనలాగే 50. పాత ప్లేయర్లలో చాలావాటి ఏసీ మోటారు కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టి తిరుగుతుంది. 60కి తయారైంది 50 మీద నడిస్తే వేగం ఆరో వంతు తగ్గుతుంది. నిమిషానికి 33⅓ చుట్లు తిరగాల్సింది 28 కూడా తిరగదు. శ్రుతి మూడు స్వరస్థానాలు కిందికి జారుతుంది.

మోటారు పుల్లీని లేత్ మీద 20 శాతం పెద్దదిగా చేయించుకుంటే సరిపోతుందన్నాడు చాచా. లెక్క కరెక్టే. కానీ కార్ట్రిడ్జ్ కూడా పోయింది, దాని ముల్లు ఇప్పుడు దొరకదు. కొత్తది కొనక తప్పదని తేలింది. ఈ రోజుల్లో కొత్త ప్లేయర్లలో ఎక్కువగా డీసీ మోటార్లే, వాటికి ఈ హెర్ట్జ్ గొడవ ఉండదు. పాతది, అదీ విదేశాల నుంచి వచ్చింది కొంటుంటే మాత్రం వెనక స్టిక్కర్ మీద 50 హెర్ట్జ్ అని ఉందో లేదో చూడండి.

ముల్లు బరువే అసలు సంగతి

ఆన్‌లైన్‌లో ముందుగా కనిపించేవి రంగురంగుల సూట్‌కేస్ ప్లేయర్లు. ధర తక్కువ, స్పీకర్లు అందులోనే, ఫొటోల్లో బాగుంటాయి. సమస్య ముల్లు దగ్గర ఉంది. ఎల్పీ గాడి మీద మంచి కార్ట్రిడ్జ్ సుమారు 2 గ్రాముల బరువు మోపుతుంది. సూట్‌కేస్ రకాల్లో చాలావాటికి సిరామిక్ కార్ట్రిడ్జ్ ఉంటుంది, అది 5 గ్రాముల దాకా మోపుతుంది. ఆ బరువును మనం మార్చలేం. వెంట్రుకలాంటి గాడి మీద గట్టి మొన అంత బరువుతో ప్రతిసారీ నడిస్తే రికార్డు అరుగుతుంది. స్పీకర్లు అదే డబ్బాలో ఉంటాయి కాబట్టి వాటి అదురు కూడా ముల్లుకు చేరుతుంది.

అందుకే టోన్‌ఆర్మ్ వెనక బరువు సర్దుకునే వీలు ఉందా అన్నది మొదట చూడాలి. బంగారం షాపుల్లో ఉండేలాంటి చిన్న డిజిటల్ కాటా ఒకటి దొరుకుతుంది, దానితో గ్రాములు సరిచూసుకోవచ్చు.

రెండోది ముల్లు మొన. 78 రికార్డుల గాడి వెడల్పు. దానికి 3 మిల్ మొన కావాలి, అంటే దాదాపు 76 మైక్రాన్లు. ఎల్పీ ముల్లు సుమారు 18 మైక్రాన్లే. దాన్ని 78 మీద పెడితే గాడి అడుగున దుమ్ములో పాకుతుంది, చప్పుడు తప్ప పాట సరిగా రాదు. 78 ముల్లును ఎల్పీ మీద పెడితే ఇంకా నష్టం, గాడే చెడిపోతుంది.

మూడోది ఫోనో ప్రీయాంప్. రికార్డు చెక్కేటప్పుడు బేస్ తగ్గించి, సన్నటి శబ్దాలు పెంచుతారు. వినేటప్పుడు దాన్ని తిరగేయాలి. అది ప్లేయర్‌లోనే ఉంటే మామూలు యాంప్లిఫైయర్‌కు కలిపేయొచ్చు. లేకపోతే విడిగా కొనాలి.

బెల్టా, డైరెక్ట్ డ్రైవా అని ఇంటర్నెట్‌లో యుద్ధాలే జరుగుతాయి. టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 1972లో వచ్చి డీజేల చేతుల్లో దశాబ్దాలు నలిగింది. 2010లో ఆపేసి, 2016లో మళ్లీ తెచ్చారు. డైరెక్ట్ డ్రైవ్ ఎంత గట్టిదో దానికి అదే సాక్ష్యం. బెల్టువి కూడా చక్కగా పాడతాయి, కాకపోతే కొన్నేళ్లకు బెల్టు మార్చాలి. ఇంట్లో వినేవాళ్లకు ఇది చివర్లో తేల్చుకోవాల్సిన విషయం.

ఏది కొన్నానంటే

పెట్టెలో ఎల్పీలు, ఈపీలు మాత్రమే ఉంటే రేగా ప్లానార్ 1 లాంటిది తీసుకునేవాణ్ని. సింపుల్‌గా ఉంటుంది, బాగా పాడుతుంది. కానీ అది 33, 45 వేగాలే ఇస్తుంది. మా అవ్వ అడిగిన రికార్డు 78. ఆ ఒక్క అంకెతో లిస్టులో సగం మోడళ్లు ఎగిరిపోయాయి.

చివరికి ఆడియో-టెక్నికా ఎల్‌పీ120ఎక్స్ యూఎస్‌బీ తీసుకున్నాను. మూడు వేగాలున్నాయి, టోన్‌ఆర్మ్ బరువు సర్దుకోవచ్చు, ముల్లు మార్చుకోవచ్చు, ప్రీయాంప్ లోపలే ఉంది. యూఎస్‌బీతో లాప్‌టాప్‌లోకి కాపీ కూడా తీసుకోవచ్చు. 78 కోసం అదే కంపెనీ ముల్లు విడిగా కొన్నాను. సూట్‌కేస్ రకంతో పోలిస్తే ఖర్చు చాలా రెట్లు ఎక్కువే. మా టీమ్‌లో ఒకడు ఫోన్ మార్చడానికి పెట్టిన దాంట్లో సగమైనా కాలేదు.

మేస్త్రీలు వాడే రసమట్టంతో బల్ల సరిచూశాను. స్పీకర్లు వేరే బల్ల మీద పెట్టాను. రికార్డును కొంచెం తడిపిన మెత్తటి గుడ్డతో, డిస్టిల్డ్ వాటర్‌తో తుడిచాను. ఇక్కడ ఒక జాగ్రత్త. చెరకు ప్రాంతానికి ఆల్కహాల్ కొత్త కాదు, మడ్డి నుంచి తీసేది అదే. 78 రికార్డు దగ్గరికి మాత్రం దాన్ని రానివ్వకండి, లక్క అందులో కరుగుతుంది. వడ్రంగులు లక్కను స్పిరిట్‌లో కరిగించి ఫర్నిచర్‌కు పాలిష్ పెట్టేది ఇందుకే.

మొదట లాప్‌టాప్ ఆన్ చేసి, తర్వాత ముల్లు దించాను. మూడు నిమిషాల పద్యం. పాట కింద చిటపటలు ఉన్నాయి, ఒక చోట గీత పడి టిక్కుటిక్కుమంది. అవ్వ కళ్లు మూసుకుని విన్నది. అయిపోయాక, "గొంతు గదే. మల్ల పెట్టు," అన్నది. కాపీ భద్రంగా ఉంది కాబట్టి ధైర్యంగా మళ్లీ పెట్టాను.

మీ ఇంట్లో పెట్టె ఉంటే

నిజామాబాద్ ఎండ మేలో 45 డిగ్రీలు దాటుతుంది. రేకుల గదిలో, అటక మీద, ఎండలో ఆపిన కారులో వినైల్ ఉంచితే వంగిపోతుంది. ఒకదాని మీద ఒకటి పేర్చకుండా పుస్తకాల్లా నిలబెట్టండి. తరువాత 78 ఎన్ని, 45 ఎన్ని, 33 ఎన్ని అని ఒక కాగితం మీద రాసుకోండి. ఎక్కడా దొరకనివి ఏవో ఫోన్‌లో వెతికి గుర్తుపెట్టుకోండి.

మోడల్ గురించి ఆలోచించాల్సింది ఆ తర్వాతే. ప్లేయర్లు వచ్చే ఏడాదీ వస్తాయి, ఆఫర్లూ వస్తాయి. ఆ పెట్టెలోవి మళ్లీ అచ్చు వేసేవాళ్లు ఉండకపోవచ్చు. వాటిలో ఏది ఎవరికి ఇష్టమో చెప్పగలిగే పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే, ముందు వాళ్లను అడగండి.