పంచాంగంలో లేని వెలుగు

2022 ఏప్రిల్ 2, ఉగాది. పొద్దున పంచాంగ శ్రవణంలో ఏ రాశికి ఆదాయమెంతో, అవమానమెంతో చెప్పారు. (మా వాడకు అవమానం లెక్క చెప్పడానికి పంచాంగం అక్కర్లేదు.) రాత్రి ఏడు దాటాక మహారాష్ట్ర, మధ్యప్రదేశ్‌ల మీదుగా నిప్పుముక్కల వరుసొకటి సాగిపోయింది. అది ఏ పంచాంగంలోనూ లేదు. మన ఆసిఫాబాద్ పక్కనున్న చంద్రపూర్ జిల్లా లాడ్‌బోరిలో పెద్ద లోహపు రింగు పడింది. చాలామంది ఉల్కలనుకున్నారు. ఉల్కయితే ఒకటి రెండు సెకన్లలో ఆరిపోతుంది. ఇది ముక్కలై, తీరిగ్గా, దాదాపు అడ్డంగా పోయింది. 2021 ఫిబ్రవరిలో చైనా ప్రయోగించిన లాంగ్ మార్చ్ రాకెట్ శకలం అయి ఉంటుందని ఖగోళ శాస్త్రవేత్త జొనాథన్ మెక్‌డోవెల్ చెప్పాడు. ఏ శకలం ఎప్పుడు కిందికి దిగుతుందో అలాంటివాళ్ల దగ్గర లెక్కలుంటాయి. ఆ లెక్కకు ముడిపడాల్సింది చూసినవాళ్ల మాటే. ఎన్ని గంటలకు, ఎటునుంచి ఎటు.

మా కాలేజీలో చదివే ఒకమ్మాయి ఎస్సీ హాస్టల్లో ఉంటుంది. చలికాలంలో ఓ రాత్రి డాబా మీద కదిలే చుక్కను చూసి వార్డెన్‌కు చెప్తే, "చదువు మానేసి చుక్కలు లెక్కపెడుతున్నావా?" అందట.

నేను నాలుగే అడిగాను. టైమెంత? ఏ దిక్కు? మిణుకుమందా? చెయ్యి చాపి పిడికిలి పెడితే నేల అంచునుంచి ఎన్ని పిడికిళ్లెత్తు? (పిడికిలంటే సుమారు 10 డిగ్రీలు.)

"ఏడుంబావు సార్. పడమర నుంచి ఈశాన్యానికి పోయింది. మిణుకుమనలేదు. ఐదు పిడికిళ్లెత్తుకు పోయినంక ఒక్కసారే మాయమైంది."

నాసా ఇచ్చే సమయాలతో పోలిస్తే సరిపోయింది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం. దాదాపు 400 కిలోమీటర్ల ఎత్తున, 90 నిమిషాలకో చుట్టు తిరుగుతుంది. మాయమవడమే గట్టి గుర్తు. దానికి సొంత వెలుగు లేదు, మీద పడే ఎండే మనకు కనిపిస్తుంది. భూమి నీడలోకి పోగానే ఆరిపోతుంది.

ఆ పిల్ల చూసిందే చెప్పింది, అనుకున్నది కలపలేదు. వింటుంటే నాకు చుండూరు గుర్తొచ్చింది. 2014లో హైకోర్టు ఆ కేసు కొట్టేస్తూ, చావుల సమయం, జరిగిన చోటు, దాడి చేసిందెవరో రుజువు కాలేదంది. కళ్లారా చూసి చెప్పినవాళ్లు ఉండగానే!

ఆ హాస్టల్లో ఇప్పుడొక నోట్‌బుక్ నడుస్తోంది. కొత్తగా రాసింది: "8.40. తూర్పు. మూడు పిడికిళ్లు. ఎర్రది, పచ్చది మిణుకుమంటున్నయి. విమానం."