క్షమించే కర్రలు, క్షమించని మోచేతులు

మధుమేహం, రక్తపోటు, మోకాళ్ల అరుగుదల గురించి వ్రాసే నేను ఈసారి గోల్ఫు కర్రల గురించి వ్రాస్తున్నానంటే పాఠకులు ఆశ్చర్యపోవచ్చు. కారణం లేకపోలేదు. విశాఖలోనూ, హైదరాబాదులో గోల్కొండ నయాఖిలాను ఆనుకొని ఉన్న మైదానంలోనూ ఉదయంపూట కనిపించే ఆటగాళ్లలో ఉద్యోగ విరమణ చేసినవారు చాలామంది. అమెరికాలో పిల్లల దగ్గర ఆరు నెలలు గడిపి వచ్చే మన పెద్దలలో కొందరు అక్కడి పబ్లిక్ మైదానాలలో ఈ ఆట నేర్చుకొని వస్తున్నారు. 18 హోల్స్ నడిచి ఆడితే సుమారు ఏడెనిమిది కిలోమీటర్ల నడక అవుతుంది. పచ్చికమీద, చెట్ల మధ్య, స్నేహితులతో నాలుగు గంటలు సాగే ఆ నడకకు సాటివచ్చే మందును చీటీమీద వ్రాసి ఇవ్వడం నాకు చేతనయ్యే పని కాదు. అయితే ఇంత మంచి అలవాటును గుండె వల్లనో మోకాలి వల్లనో కాక, మోచేతి నొప్పి వల్ల మానుకొన్నవారిని చూశాను. ఆ నొప్పిలో కొంత వాటా చేతిలోని కర్రది.

లోహపు తల గల సన్నని కర్రలను ఐరన్లు అంటారు. పాతకాలపు ఐరన్ తల పలుచగా కత్తివలె ఉండేది కనుక దానికి బ్లేడు అని పేరు. బంతి తగలవలసిన చోటు వెనుకనే దాని బరువంతా పోగై ఉంటుంది. సరిగ్గా అక్కడ తగిలితే చేతికి కలిగే హాయి వేరు. టైగర్ వుడ్స్ వంటివారు ఆ తరహా కర్రలనే ఎంచుకోవడంలో ఆశ్చర్యం లేదు. మన బంతి పదిసార్లలో ఎన్నిసార్లు అక్కడ తగులుతుందో మాత్రం ఎవరికి వారికి తెలుసు. మిగిలినసార్లు ముఖం కొసనో మొదటనో తగిలి, తల పక్కకు మెలిదిరుగుతుంది. బంతీ కర్రా తాకి ఉండేది సెకనులో సుమారు రెండువేలవ వంతు మాత్రమే. ఆ మెలికను ఆపే వ్యవధి చేతికి ఉండదు. బంతి దూరం తగ్గుతుంది, దారి తప్పుతుంది. ఆ కుదుపు కాడ వెంట పైకి ప్రాకి మణికట్టును, మోచేతిని చేరుతుంది.

తల మెలిదిరగకుండా చేయడం ఎలా? కావడి మోసేవారిని చూసినవారికి జవాబు సులభంగానే తోస్తుంది. రెండు బిందెలను చంకల దగ్గర పెట్టుకొన్న మనిషి చటుక్కున పక్కకు తిరగగలడు. అవే బిందెలు కావడి బద్ద రెండు కొసలకూ వేలాడుతుంటే తిరగడం కష్టం. బరువు మారలేదు, మధ్యనుండి దాని దూరం మారింది. పాఠ్యపుస్తకాలలో దీనినే జడత్వ భ్రామకం అంటారు. నార్వేలో పుట్టి అమెరికాలో స్థిరపడిన కార్‌స్టెన్ సోల్‌హైమ్ ఈ సూత్రాన్ని గోల్ఫు కర్రకు పట్టించి ప్రసిద్ధుడయ్యాడు. జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో ఇంజనీరు. నలభై దాటాక గాని ఆట మొదలుపెట్టలేదు. 1959లో తన ఇంటి గ్యారేజీలో బరువును రెండు కొసలకు జరిపి, పచ్చికపై బంతిని దొర్లించే పుట్టర్ ఒకటి తయారుచేశాడు. బంతి తగిలినప్పుడు వచ్చిన శబ్దాన్నిబట్టి దానికి పింగ్ అని పేరు పెట్టాడు. తరువాత ఐరన్లకూ అదే పద్ధతి వచ్చింది. తల వెనుక భాగాన్ని గుల్లచేసి, మిగిలిన లోహాన్ని అంచుల చుట్టూ పేర్చుతారు. దీనిని కేవిటీ బ్యాక్ అంటారు. 1982లో వచ్చిన పింగ్ ఐ 2 ఇటువంటిదే. ఆట మొదలుపెట్టేటప్పటికే బాల్యం దాటినవారికి తప్పు ఎక్కడ జరుగుతుందో సోల్‌హైమ్‌కు స్వయంగా తెలిసి ఉంటుందని నా ఊహ.

నా మిత్రుడొకరు ఇంజనీరుగా పనిచేసి విరమించినవారు. వయస్సు అరవై ఎనిమిది. కుమారుడు విదేశం నుండి ఖరీదైన బ్లేడు సెట్టు పంపాడు. నాలుగు నెలలకు ఎడమ మోచేయి వెలుపలి ఎముక దగ్గర నొప్పి మొదలైంది. చెంబు ఎత్తలేరు, తలుపు గడియ తీయలేరు. "డాక్టరు గారూ, ఒక ఇంజెక్షను ఇచ్చేయండి, ఆదివారం పోటీ ఉంది" అన్నారు. కుడిచేతి వాటం ఆటగాళ్లలో ఎడమ మోచేయి వెలుపల వచ్చే ఈ నొప్పిని టెన్నిస్ ఎల్బో అనీ, కుడి మోచేయి లోపలివైపు వచ్చేదానిని గోల్ఫర్స్ ఎల్బో అనీ అంటాము. పేరు ఏ ఆటదైనా దెబ్బ తినేది కండరాన్ని ఎముకకు కట్టే స్నాయువు. వయస్సుతోపాటు దాని మరమ్మతు మందగిస్తుంది. స్టిరాయిడ్ ఇంజెక్షను కొన్ని వారాలు ఉపశమనం ఇస్తుంది. కాని టెన్నిస్ ఎల్బోలో కొన్ని నెలల తరువాత చూస్తే, ఇంజెక్షను తీసుకొన్నవారిలోనే నొప్పి తిరగబెట్టడం ఎక్కువ. ఇంజెక్షను ఇవ్వలేదు. ఆరు వారాలు ఆట తగ్గించమన్నాను, ముంజేతికి క్రమంగా బరువు పెంచే వ్యాయామం చెప్పాను, కర్రలు మార్చమన్నాను. మూడవది వినగానే ఆయన ముఖం చిన్నబోయింది. "మావాడు పంపినవి ఎలా పక్కన పెట్టమంటారు?" అన్నారు. మోచేయి నయం చేయడంకన్నా ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం నాకు కష్టమైంది.

నా ఉద్యోగ జీవితంలో ప్రభుత్వ ఆసుపత్రిలో ఇటువంటి మోచేతులు చాలా చూశాను. అవి ఆటగాళ్లవి కావు. రాళ్లు కొట్టేవారివి, వడ్రంగులవి, బట్టలుతికేవారివి. విశ్రాంతి తీసుకోమంటే ఆనాటి కూలి పోతుంది. ఒక వడ్రంగి తన సుత్తి పిడికి పాత సైకిలు ట్యూబు చుట్టుకొని వచ్చాడు. అలా చేసినప్పటినుండి కొంత నయంగా ఉందన్నాడు. ఆ మాట నా మిత్రునికి చెప్పాను. ఇంజనీరు కదా, మారుమాట్లాడలేదు.

ఎంపికలో నేను మొదట చూడమనేది పిడి, కాడ. బొటనవ్రేలి మొదట కీళ్లు అరిగినవారికి సన్నని పిడి పనికిరాదు, దానిని నిలుపుకోవడానికి మరింత బిగించి పట్టవలసి వస్తుంది. కొంచెం లావైన మెత్తని పిడి వేయించుకోవడం పెద్ద ఖర్చు కాదు. ఐరన్లకు వేసే స్టీలు కాడ సాధారణంగా 95 నుండి 130 గ్రాముల వరకు ఉంటుంది. గ్రాఫైటు కాడలు చాలావరకు 50 నుండి 85 గ్రాముల లోపు. తేలికగా ఉండడమే కాక కుదుపును కొంత తనలో ఇముడ్చుకొంటుంది. అరవై దాటి, కీళ్ల బాధ ఉన్నవారికి నేను గ్రాఫైటే చెబుతాను. కాడ మీద వ్రాసి ఉండే గట్టిదనం విషయంలో మగతనపు పంతం అక్కరలేదు. సీనియర్ అని ఉన్నదానిని ఊపి చూడడంలో నామోషీ ఏముంది?

తరువాత తల అడుగుభాగం. వెడల్పైన అడుగు పడవవలె నేలమీద జారిపోతుంది, సన్ననిది గునపంవలె దిగబడుతుంది. స్కాట్లండు సముద్రతీరపు ఇసుక నేలలో దిగబడితే మట్టి లేస్తుంది. ఏప్రిల్, మే నెలలలో ఎండి బిగిసిన మన నేలలో దిగబడితే మోచేయి అదురుతుంది. సాధన చేసే చోట సిమెంటుపై పరచిన ప్లాస్టిక్ చాపలు అంతకన్నా ప్రమాదం. కర్ర చాప మీద జారి దెబ్బ బాగా తగిలినట్లే కనిపిస్తుంది, కింది గట్టి నేల దెబ్బ మాత్రం చేతికే వస్తుంది. బంతులు వందలకొద్దీ కొట్టేది అక్కడే.

దుకాణంలో చెప్పే ఒక మాటతో జాగ్రత్త. "మా 7వ నంబరు పదిహేను గజాలు ఎక్కువ పోతుంది" అంటారు. పూర్వం 7వ నంబరు ముఖం వాలు 34, 35 డిగ్రీలు ఉండేది. నేటి క్షమాగుణం గల సెట్లలో 28 నుండి 30 వరకు ఉంటున్నది. అంటే పాత అయిదు, ఆరు నంబర్ల వాలుకు ఏడు అని అచ్చువేసినట్లే. తలలో బరువు క్రిందికి దింపినందువల్ల బంతి కొంత లేస్తుంది, నిజమే. కాని ఊపు నెమ్మదైనవారికి అది చాలకపోవచ్చు. ఎంత దూరం పోయిందన్నది కాదు, ఎంత ఎత్తుకు లేచి ఎక్కడ ఆగిందన్నది చూడాలి. 3, 4 నంబరు ఐరన్ల జోలికి పోకుండా హైబ్రిడ్ కర్రలు పెట్టుకోవడం మేలు. నిబంధనలు 14 కర్రలవరకు అనుమతిస్తాయి, అన్నీ మోయమనలేదు. ఎనిమిది చాలు, నడుము సంతోషిస్తుంది.

ఈ కర్రలు క్షమించనివీ ఉన్నాయి. ముఖమే వేరే దిక్కుకు తెరుచుకొని తగిలితే ఏ కేవిటీ కాపాడదు. ముఖాన్ని కాడకన్నా కొంచెం వెనుకకు జరిపే ఆఫ్‌సెట్, బంతి కుడివైపుకు వంగిపోయేవారికి సాయపడుతుంది, ఎడమవైపుకు వంగేవారికి చెరుపు చేస్తుంది. క్షమించే కర్రతో తప్పు చేతికి తెలియదు గనుక ఆట మెరుగుపడదని కొందరు శిక్షకులు అంటారు. పదిహేనేళ్ల కుర్రవానికి అది సరైన మాటే. డెబ్బయి ఏళ్ల మోచేతికి తన తప్పు తెలిసేది ఆటలో కాదు, మర్నాటి ఉదయం.

కర్ర మార్చినా తగ్గని కొన్ని లక్షణాలు చెప్పి తీరాలి. కర్ర కొస ఆనుకొనే అరచేతిలో, చిటికెనవ్రేలి వైపు నొప్పి వారాల తరబడి ఉంటే హేమేట్ అనే చిన్న ఎముక కొక్కెం విరిగి ఉండవచ్చు. మామూలు ఎక్స్‌రేలో అది కనబడకపోవచ్చు, సి.టి. స్కాన్ అవసరమవుతుంది. చిటికెన, ఉంగరపు వ్రేళ్లకు తిమ్మిరి ఉంటే నరం నలుగుతున్నదేమో చూపించుకోవాలి. నడుస్తుండగా ఎడమ చేయి లాగుతూ, దవడ బరువెక్కి, చెమటలు పడితే అది మోచేతి వ్యవహారమని సర్దిచెప్పుకోవద్దు. ఆట అక్కడే ఆపి ఆసుపత్రికి వెళ్లాలి.

కొత్తవే కొననక్కరలేదు. పదేళ్లనాటి కేవిటీ బ్యాక్ సెట్టు కూడా నిక్షేపంగా పనిచేస్తుంది, పిడులు మార్పిస్తే చాలు. కొనేముందు ఒకరోజు అడిగి తీసుకొని, చాపమీద కాక పచ్చికమీద కొట్టి చూడండి. కర్ర ముఖంపై టాల్కం పౌడరు పలుచగా అద్దితే బంతి ఎక్కడ తగిలిందో గుర్తు పడుతుంది. మంచి దెబ్బలను లెక్కపెట్టవద్దు. కొసన తగిలిన దెబ్బలకు బంతి ఎంత దూరం పోయిందో, చేయి ఎంత జల్లుమన్నదో చూడండి. మర్నాడు ఉదయం కాఫీ గ్లాసు ఎత్తి చూసుకొని, ఆ తరువాతే డబ్బు చెల్లించండి.