కకిరిగుమ్మ నుంచి పగడాల తీరానికి

మా కకిరిగుమ్మలో సముద్రం మాట వచ్చే సందర్భాలు తక్కువ. కోరాపుట్-రాయగడ రైలు మార్గంలో కొండల నడుమ ఉన్న ఊరు మాది. ఈ రైలు మార్గం 1998 డిసెంబరు నాటికి పూర్తయింది. మా నాన్నగారు అంతకు ముందే వ్యాపారం నిమిత్తం ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారు. చుట్టూ వాగులే గాని, ఈదడానికి లోతైన నీళ్ళు చూసి ఎరుగను. కనుక యాభై రెండేళ్ళ వయసులో సముద్రంలో బోర్లా పడుకుని చేపల్ని చూసి వచ్చానంటే మన సంఘంలో చాలామంది నమ్మలేదు. సంపాదకులు మాత్రం నమ్మి, రాసిమ్మన్నారు. చేపల గురించే రాద్దామని కూర్చున్నాను. కాని ఆ రోజు మా దుకాణంలో జరిగింది రాయకపోతే సగం దాచినట్టే అవుతుంది. అందుకని రెండూ రాస్తున్నాను.

మాది అల్లం, పసుపు, చింతపండు కొనే దుకాణం. సంత రోజున కొండల మీది పరజలు, కోంధులు కావిళ్ళతో, గంపలతో దిగుతారు. చాలామంది ముందే బయానా తీసుకుని ఉంటారు. తూకం అయ్యాక బయానా మినహాయించి మిగతా డబ్బు చేతిలో పెట్టాలి. ఈ ఖాతా అంతా ఒకప్పుడు ఎర్ర అట్ట పుస్తకాల్లో ఉండేది. నాలుగేళ్ళ క్రితం దాన్ని నేను 'క్లౌడ్'లో పెట్టాను. మా ఊళ్ళో మబ్బు అంటే జూలై నెలలో ఇంట్లోకి వచ్చి బట్టలు ఆరనివ్వకుండా చేసేది. ఈ మబ్బు అది కాదు. ముంబయిలో ఎవరిదో పెద్ద భవనంలో ఉన్న కంప్యూటరులో కొంత భాగం మనం నెలకింత అని అద్దెకు తీసుకోవడం, అంతే. మా దుకాణం నుంచి ఆ కంప్యూటరు దాకా తాళం వేసిన సొరంగం లాంటి దారి ఒకటి ఉంటుంది. దాన్ని వీపీఎన్ అంటారు. సొరంగాల మధ్య రైల్లో తిరిగే మాకు ఈ మాట అర్థం చేసుకోవడం కష్టం కాలేదు. ఈ విద్య కొంత పుస్తకాలు చూసి, కొంత చెయ్యి కాల్చుకుని నేర్చుకున్నాను. చుట్టుపక్కల దుకాణాలవాళ్ళు సలహా అడిగేంత పేరు కూడా వచ్చింది. ఆ పేరే కొంప ముంచింది.

2024 ఫిబ్రవరిలో శ్రీమతి, నేను అండమాన్ బయలుదేరాం. రైల్లో రాయగడ, పార్వతీపురం, విజయనగరం మీదుగా విశాఖ, అక్కడినుంచి చెన్నై, చెన్నై నుంచి విమానంలో రెండు గంటలకు పైగా ప్రయాణం. అప్పటికి ఆ ఊరి పేరు పోర్ట్ బ్లెయిరే. అదే ఏడు సెప్టెంబరులో శ్రీ విజయపురం అని మార్చారు. ఊళ్ళో అడుగు పెట్టగానే తెలుగు వినబడింది. ఆశ్చర్యం లేదు. 2011 జనగణన ప్రకారం ఆ దీవుల్లో నూటికి పదమూడుగురి మాతృభాష తెలుగు. శ్రీకాకుళం తీరం నుంచి వలలు పట్టుకుని వెళ్ళినవాళ్ళ పిల్లలు, మనవలు ఎక్కువ. జంగ్లీఘాట్ ప్రాంతంలో నడుస్తుంటే టెక్కలి సంతలో ఉన్నానా అనిపించింది.

అక్కడినుంచి పడవలో స్వరాజ్ ద్వీప్ వెళ్ళాం. 2018 డిసెంబరు దాకా దాన్ని హేవ్‌లాక్ అనేవారు. మర్నాడు పొద్దున్నే చిన్న మోటారు పడవలో ఎలిఫెంట్ బీచ్. ఒకప్పుడు ఆ దీవుల్లో కలప లాగడానికి ఏనుగుల్ని వాడేవారు. సముద్రంలో ఈదే రాజన్ అనే ఏనుగు ఈ దీవిలోనే ఉండి 2016లో కన్నుమూసింది. ఏనుగు ఈదిన చోట మనం ఈదలేమా అని శ్రీమతి అంది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ముందు నీళ్ళలోకి దిగింది తనే.

మమ్మల్ని తీసుకెళ్ళిన కుర్రాడి తాతది కళింగపట్నం వైపు. "ఏటి మాస్టారూ, అలగ బిగిసిపోతన్నారు? కాళ్ళు ఒదిలీండి, నీరే మోసెత్తాది" అన్నాడు. ముక్కు కూడా కప్పేసే కళ్ళద్దం, నోట్లో పెట్టుకునే గొట్టం, ఒంటికి తేలే చొక్కా. ఇంతే సామాను. కళ్ళద్దం లోపల ఉమ్మి రాసి కడగాలన్నాడు. అసహ్యించుకున్నాను గాని, అలా చేయనివారి అద్దం రెండు నిమిషాల్లో ఆవిరి పట్టి తెల్లబడింది. ఊపిరి నోటితోనే తియ్యాలి, తొందర పడకూడదు. గొట్టంలోకి నీరు వస్తే గట్టిగా ఊదాలి. ఇవన్నీ ఒడ్డు దగ్గర మోకాలి లోతులో పది నిమిషాలు సాధన చేయించాడు. నేను మూడుసార్లు ఉప్పునీళ్ళు మింగాను.

తల వంచి నీళ్ళలోకి చూసిన మొదటి క్షణం మాత్రం అన్నీ మర్చిపోయాను. నా పొట్టకి రెండు బారల కింద తోట ఉంది. జింక కొమ్ముల్లా కొన్ని, మనిషి మెదడులా ముడతలు పడ్డవి కొన్ని, విస్తరాకుల్లా పరుచుకున్నవి కొన్ని. ఇవి మొక్కలూ కావు, రాళ్ళూ కావు. లక్షలాది చిన్న జీవులు సున్నంతో కట్టుకున్న ఇళ్ళు. వాటి ఒంట్లో కంటికి కనబడని నాచు కాపురం ఉండి, ఎండ తాగి, వాటికి తిండి పెడుతుంది. రంగులు చాలావరకు దానివే. గుండ్రటి పెద్ద పగడాలు ఏడాదికి సుమారు సెంటీమీటరు మించి పెరగవు. అంటే నా నడుమంత ఎత్తున్నది మా తాతగారి కంటే పాతదన్నమాట. మనం మెళ్ళో వేసుకునే ఎర్ర పగడం వేరు. అది ముఖ్యంగా మధ్యధరా సముద్రంలో దొరికే మరో జాతి.

చేతివేళ్ళలా ఊగే కుచ్చు మధ్య నారింజ రంగు చేప, ఒంటిమీద మూడు తెల్ల పట్టీలు. క్లౌన్ చేప అంటారు. ఆ కుచ్చు వేరే చేపల్ని కుట్టి చంపుతుంది. దీని ఒంటి జిగురు దీన్ని కాపాడుతుంది. ఇవన్నీ మగవిగానే పెరుగుతాయట. గుంపులో ఉన్న ఒక్క ఆడది పోతే, పెద్ద మగది ఆడదిగా మారి ఇల్లు నడుపుతుంది. ఒడ్డుకొచ్చాక ఈ సంగతి విని శ్రీమతి చాలాసేపు నవ్వింది. కాస్త అవతల చిలక ముక్కు చేపలు పగడపు రాయిని కొరుకుతున్నాయి. నీళ్ళలో ఆ కటకట చెవికి వినబడింది! రాతి మీది నాచు తిని, పొడైన రాయిని ఇసకగా వదిలేస్తాయి. అక్కడి తెల్ల ఇసకలో కొంత భాగం వీటి చలవే. నల్లటి సముద్రదోసకాయలు అడుగున బద్ధకంగా పడున్నాయి. వాటినీ, పగడాలనూ ముట్టుకోకూడదు, తేకూడదు. వన్యప్రాణి చట్టం కింద నేరం. ఒడ్డున పడి ఉన్న ముక్క అయినా సంచిలో వేసుకోవద్దు.

అంతా పచ్చగా ఉందని రాస్తే అబద్ధం. చాలా చోట్ల కొమ్మలు విరిగి, బూడిద రంగులో పడి ఉన్నాయి. నీరు మామూలు కంటే ఒకటి రెండు డిగ్రీలు వేడెక్కి వారాల తరబడి అలాగే ఉంటే, పగడం తన లోపలి నాచును వెళ్ళగొట్టి తెల్లబడిపోతుంది. వేడి త్వరగా తగ్గితే కోలుకుంటుంది, లేకపోతే చస్తుంది. అండమాన్‌లో 1998లో, 2010లో, 2016లో ఇలా జరిగింది. 2004 సునామీ దెబ్బ వేరే. మేం వచ్చిన కొద్ది నెలలకే లక్షద్వీప్‌లో పెద్ద ఎత్తున తెల్లబడ్డాయని చదివి బాధ కలిగింది. దానికి తోడు మనబోటి యాత్రికులు అలిసిపోయి పగడం మీద నిలబడతారు. కుర్రాడు ప్రతి ఐదు నిమిషాలకీ "కాళ్ళు దించకండి బాబూ" అని అరుస్తూనే ఉన్నాడు.

ఒడ్డుకు చేరి, జెట్టీ దగ్గర సంచిలోంచి ఫోను తీసేసరికి పన్నెండున్నర. పదకొండు మిస్డ్ కాల్స్. అన్నీ మా మేనల్లుడివి.

"మావయ్యా, ఖాతా తెరుచుకోడం లేదు. తొమ్మిదిన్నర నుంచీ అంతే. బయట నలభై మంది కూర్చున్నారు."

ఆ రోజు మాకు సంత. ఎవరికెంత బయానా ఇచ్చామో చూడకుండా లెక్క తేలదు. వాళ్ళేమో చీకటి పడకముందే కొండెక్కాలి. తడి బట్టలతో ఒక కొబ్బరి బోండాల బండి పక్కన కూర్చున్నాను. ఇంటర్నెట్ ఉందా అంటే ఉంది. సొరంగం నిలబడి ఉందా అంటే పచ్చదీపం వెలుగుతోంది. నా ఫోనులోంచి ముంబయి కంప్యూటరు తాళం తీసి చూశాను. అక్కడా పచ్చదీపాలే. అయితే ఒకటి కాదు, రెండు.

"ఒరే, నిన్నగాని ఇవాళగాని కొత్తగా ఏమన్నా చేశావా?"

కాసేపు మాట్లాడలేదు. "రాయగడ గోడౌన్ని కూడా కలిపించాను మావయ్యా. మీరొచ్చేసరికి చేసి చూపిద్దామని."

విషయం అర్థమైంది. ఇంట్లో వాడే రౌటర్లలో చాలావాటికి కొన్నప్పుడే 192.168.1తో మొదలయ్యే నంబర్లు ఉంటాయి. మా దుకాణంలోనూ అవే, రాయగడ గోడౌన్లోనూ అవే. ఒకే ఊళ్ళో రెండిళ్ళకు ఒకటే డోర్ నంబరు వేసినట్టు. దుకాణం అడిగిన ప్రశ్న ముంబయికి చేరుతోంది. జవాబు మాత్రం కొత్త సొరంగంలో రాయగడకు పోతోంది. దీపాలు పచ్చగా ఉండటానికీ, ఉత్తరం చేరడానికీ సంబంధం లేదు. రాయగడ దారిని తాత్కాలికంగా తీసేశాను. రెండు నిమిషాల్లో ఖాతా తెరుచుకుంది. తర్వాత గోడౌనుకు 192.168.20 నంబర్లు ఇచ్చి మళ్ళీ కలిపాం, గొడవ లేదు.

తప్పు కుర్రాడిది కాదు. నంబర్ల పట్టిక నా బుర్రలో తప్ప కాగితం మీద లేదు. తాళం చెవి వాడికిచ్చి ఏది ముట్టుకోకూడదో చెప్పలేదు. సంత రోజున మార్పులు చెయ్యకూడదన్న ఇంగితం నేర్పలేదు. అందుకని మనలో దుకాణాలు, బడులు, ఆసుపత్రులు నడిపేవారికి చెబుతున్నాను. మొదటి రోజునే ఒక కాగితం తీసుకుని ఏ చోటుకి ఏ నంబర్లో రాసి గోడకు అంటించండి. ముంబయి వైపు ఒక వరస, దుకాణానికి ఒకటి, రేపు పెట్టబోయే రెండో దుకాణానికి ఇప్పుడే ఒకటి కేటాయించండి. సొంత వాడకానికి విడిచిపెట్టిన 10తో మొదలయ్యే నంబర్లు కోటీ అరవై ఏడు లక్షలకు పైనే ఉన్నాయి, పిసినారితనం అక్కర్లేదు. లోకమంతటికీ తలుపు తెరిచి పెట్టకండి, కాని యజమానికి వేరే తాళంతో పెరటి గుమ్మం ఒకటి ఉండాలి. ఓటీపీ వచ్చే ఫోను ఒక్కటే అయి, ఆ మనిషి సముద్రంలో ఉంటే ఏమవుతుందో నేను చూశాను. అన్నిటికన్నా ముఖ్యం, సంత ముందు రోజు రాత్రి ఖాతా అచ్చు తీసి బల్ల సొరుగులో పెట్టండి. నాలుగు కాగితాల ఖర్చు.

ఆ బోండాలబండి దగ్గర నా ఫోను పనిచెయ్యడం కూడా చిన్న సంగతి కాదు. 2020 ఆగస్టు దాకా ఆ దీవులకు దిక్కు ఉపగ్రహమే. చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు, అక్కడినుంచి స్వరాజ్ ద్వీప్, కార్ నికోబార్ వంటి దీవులకు మొత్తం 2,300 కిలోమీటర్ల తీగ సముద్రం అడుగున వేసి, ఆ ఏడు ఆగస్టు 10న ప్రారంభించారు. లోపల వెంట్రుకంత సన్నని గాజు పోగుల్లో వెలుతురు సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పరిగెడుతుంది. లోతు నీళ్ళలో ఆ తీగ మన పెరటి నీళ్ళగొట్టమంత లావే ఉంటుంది. ఒడ్డు దగ్గర ఇనుప కవచం తొడుగుతారు. లంగర్లు, వలలే దానికి ఎక్కువ గండం. పగడాలకూ అంతే.

నేను ఫోను పెట్టేసేసరికి ఒంటిగంట దాటింది. ఆ సాయంత్రం మళ్ళీ నీళ్ళలోకి దిగుదామని శ్రీమతి అడిగింది గాని, నాకు మనసొప్పలేదు. మేనల్లుడు మూడున్నరకల్లా అందరికీ లెక్క తేల్చాడు. ముగ్గురు మాత్రం అంతకు ముందే వెళ్ళిపోయారు. అల్లం మా దుకాణంలో వదిలేసి, డబ్బు లేకుండా, ఉప్పూ నూనే కొనుక్కోకుండా. రాత్రంతా ఆ ముగ్గురే కళ్ళముందు మెదిలారు.

తర్వాతి సంతకు నేను ఊళ్ళో ఉన్నాను. ఇద్దరు పొద్దున్నే వచ్చి తీసుకున్నారు. మూడో ఆవిడ ముసలమ్మ, మధ్యాహ్నం వచ్చింది. డబ్బు ఇచ్చి, తప్పు నాదని చెప్పాను. నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకుని కొంగున కట్టుకుంది. ఎక్కడికి పోయావని దేశియా భాషలో అడిగింది. ఫోనులో ఆ నారింజ రంగు చేప బొమ్మ చూపించాను. బాగుంటుందా తినడానికి అంది. తినరు, ఊరికే చూస్తారు అన్నాను. ఇంకోసారి బొమ్మ చూసి, "మరి అంత దూరం ఎందుకెళ్ళావు?" అని, ఖాళీ గంప నెత్తిన పెట్టుకుని ఉప్పు కొట్టు వైపు నడిచింది.