సగము చెప్పిన జబ్బు

పిల్లవానికి ఫోను పిచ్చి పట్టినదని చెప్పుకొనుటకు మన ఇండ్లలో ఎవరికిని సిగ్గు లేదు. గంజాయి మాట వచ్చునప్పటికి నోరు మూతపడును. ఈ భేదమువలన ఎంత కీడు కలుగునో ఆసుపత్రిలో కన్నులార చూచితిని గనుక, బిడ్డలు గల సోదరీమణులకు నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మేముండునది హైదరాబాదులోని కొండాపూరు. 1998లో సైబర్ టవర్సు తెరచిన పిమ్మట ఈ రాళ్లగుట్టల నేల పెద్ద పట్టణమైనది. ఇచ్చటి ఇండ్లలో తండ్రి అమెరికా గడియారము చూచి పనిచేయును, తల్లి ఇంగ్లండు గడియారము చూచి పనిచేయును. పిల్లవానికి ఏ గడియారమును లేదు. కోరిన వస్తువు నిమిషములలో గుమ్మము కడకు వచ్చును. వచ్చిన పొట్లములో ఏమున్నదో చూచు తీరిక ఎవరికిని లేదు.

మా చెల్లెలి మనుమడు పదునైదేండ్లవాడు. ఫోను లాగికొన్నారని కిటికీ అద్దము పగులగొట్టి చేయి కోసికొనగా ఆసుపత్రిలో చేర్చిరి. పదునెనిమిదేండ్లు నిండనివారిని పెద్ద రోగులతో కలుపక వేరుగా నుంచవలెననియు, ఇంటివారొకరు వెంట నుండవలెననియు 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము చెప్పుచున్నది. రాత్రులు తల్లియు, పగళ్లు నేనును కూర్చుంటిమి.

రెండవనాటినుండి వానికి నిద్ర లేదు. చెమటలు పట్టుచుండెను, అన్నము సయించదు, మాటకు ముందు కోపము. అంతయు ఫోను బెంగయే యని తండ్రి చెప్పుచుండెను. డాక్టరమ్మ మాత్రము, "ఇవి గంజాయి మానినవారికి వచ్చు లక్షణములు. ఒకటి మూడు దినములలో మొదలై రెండు వారముల వరకు నుండవచ్చును" అని చెప్పి, మమ్మందరిని వెలుపలికి పంపి వానితో ఒంటరిగా మాటాడినది. మూత్రపరీక్షయు చేయించినది.

వాడు చెప్పినదేమనగా, రాత్రి రెండు గంటలవరకు ఆట. ఆట ముగిసినను మెదడు నిద్రింపదు, నిద్రకై గంజాయి. ఉదయము మందముగా నుండుటచే పాఠము తలకెక్కదు, ఇంట తిట్లు, తిట్లు మరచుటకు మరల ఆట. 2019లోనే దేశమంతట నిషేధింపబడిన ఈ-సిగరెట్టు మొదట ఇచ్చినవాడును ఆటలోని స్నేహితుడే. ఇంతకు మునుపే, ఏడవయేటనుండియు వాడు ఒకచోట కుదురుగా కూర్చుండలేకుండెను. దానిని అల్లరి యనిరి గాని ఎవరును చూపింపలేదు. అవధానలోపమునకు వైద్యము జరుగని పిల్లలు మత్తునకు లోబడుట ఎక్కువయట. మూడు పోగుల ముడిలో ఒక్క పోగు లాగిన లాభమేమి?

ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2019లో ఆమోదించి 2022నుండి అమలుపరచిన వ్యాధుల పట్టికలో ఆటవ్యసనమును, మద్యము, గంజాయి మొదలగువాటి జబ్బులను ఒక్క విభాగముననే చేర్చిరి. వైద్యులు పక్కపక్కన నుంచినదానిని మనము విడదీసి, పరువైనది చెప్పి పరువుకానిది దాచుచున్నాము.

"పెద్దత్తయ్యగారూ, బడివారికి తెలిసినచో? పోలీసులు వచ్చినచో?" అని తండ్రి నన్నడిగెను. భయము సహజమే. కాని రోగి సంగతి గోప్యముగా నుంచవలెనని పై చట్టమే శాసించుచున్నది. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టములోని 64ఎ సెక్షను, మత్తునకు అలవాటుపడి స్వల్పపరిమాణముతో పట్టుబడినవాడు ప్రభుత్వమువారి లేక వారు గుర్తించిన సంస్థలో స్వయముగా చికిత్స పొందినచో, ప్రాసిక్యూషను నుండి రక్షణ నిచ్చుచున్నది. ఆయన ఇంకను తర్కించుచుండగనే తల్లి ఇంటికి పోయి, పుస్తకముల సంచిలో దొరికిన పొట్లమును తెచ్చి డాక్టరమ్మ బల్లపై నుంచినది. ఒక్క మాటయు ఆడలేదు.

ఈ మేడలు కట్టు కూలీల బిడ్డలకు జరుగునది ఇంకొక తీరు. 2019లో ప్రకటింపబడిన జాతీయ సర్వే ప్రకారము, వైట్నరువంటివి పీల్చు అలవాటు పెద్దలలో నూటికి 0.58 కాగా, పిల్లలలో 1.17. పెద్దలకంటె పిల్లలే మించిన మత్తు అదొక్కటే. అట్టి పిల్లవానిని తాగుబోతని తరుముదురు గాని, వాని మనస్సులో నేమున్నదని అడుగువారు అరుదు.

కాబట్టి డాక్టరుకడకు పోవునప్పుడు నిద్ర సంగతి, ఇంట పోయిన డబ్బు, బట్టల వాసన, చిన్ననాటి చేష్టలు, అన్నియు చెప్పుడు. పిల్లవానితో ఒంటరిగా మాటాడనిండు. ఆసుపత్రికి పోకమునుపే అడుగదలచినచో, టెలి మానస్ 14416 నంబరున తెలుగులో, రాత్రింబగళ్లు, ఉచితముగా మాటాడవచ్చును.

మావాడు ఇంటికి వచ్చినాడు. మూడు జబ్బులకును ఒక్కచోటనే వైద్యము జరుగుచున్నది. నిద్ర పట్టుచున్నది, అన్నము తినుచున్నాడు. ఫోను గూర్చిన తగవు మాత్రము ప్రతి సాయంకాలమును నడచుచునే యున్నది.