అసలు మీదే ఊరు?

మమ్మల్ని మదనపల్లెలో అడిగారు, పుంగనూరులో అడిగారు, కుప్పంలోనూ అడిగారు: "మీది అసలు ఏ ఊరు?" చెప్తాం. "అది కాదు, అసలు?" అంటారు. తాత గోరీ ఉన్న ఊరు చెప్తాం. అయినా వాళ్ల 'అసలు' తీరదు. ఇంగ్లీషు చదివినవాళ్లయితే "యాక్చువల్లీ మీరెక్కడివాళ్లు?" అంటారు.

ఇంగ్లీషులో యాక్చువల్లీ ఎదుటివాడు అనుకున్నదాన్ని సరిదిద్దే మాట. నువ్వనుకున్నది ఒకటి, జరిగింది ఇంకొకటి అని చెప్పడానికి వాడతారు. దాని వెనకున్న లాటిన్ మాటకు 'చేసిన పని' అని అర్థం. మన 'అసలు' ఇంకా పెద్ద సంసారం ఈదుతుంది. 'అసలు జరిగింది ఇదీ' అంటే యాక్చువల్లీ. 'అసలు రాలేదు' అంటే బొత్తిగా రాలేదని. ప్రోనోటులో వడ్డీ పక్కనుంటే అప్పిచ్చిన సొమ్ము. నకలు పక్కనుంటే మూలపత్రం.

ఇంతకీ ఈ మాటది ఏ ఊరు? అరబ్బీలో 'అస్ల్' అంటే వేరు, మొదలు. ఫారసీ, ఉర్దూల మీదుగా తెలుగుకొచ్చింది. నకలు, జిల్లా, తాలూకా, అర్జీ, వకీలు, హక్కు ఆ దావనే వచ్చాయి. ఇట్లాంటి కలగలుపు మాటలకు బ్రౌన్ 1854లో వేరే నిఘంటువే వేశాడు. కుప్పం చుట్టూ మూడు భాషలు. తమిళులు దాన్ని అసల్ అంటారు, కన్నడిగులు అసలు అంటారు. సరిహద్దులో దాన్ని ఎవరూ ఆపలేదు.

మేం ఇంట్లో అమ్మీతో దక్కనీ ఉర్దూ మాట్లాడతాం, గడప దాటితే తెలుగు. "మీకు తెలుగు బాగా వస్తాదే!" అని మెచ్చుకుంటారు. పుట్టినింట్లో ఉన్నోణ్ని వంటిల్లు ఎక్కడో భలే కనుక్కున్నావే అన్నట్టుంటుంది. అద్దె ఇంటికి పోతే పేరు చెప్పిందాకా ఇల్లు ఖాళీగా ఉంటుంది. పేరు చెప్పినాక బోర్డు మాత్రం వేలాడుతుంది, ఇల్లు ఉండదు.

తెలుగులో వేరుకు రెండర్థాలు. చెట్టు వేరు ఒకటి, 'మీరు వేరు' అనడం ఇంకొకటి. మమ్మల్ని అడిగేవాళ్లు మొదటిది అడుగుతూ రెండోది వినాలనుకుంటారు. అదీ మా భాష నుంచి వచ్చిన మాటతోనే అడుగుతారు.

యాక్చువల్లీ అంటే చేసిన పనే అయితే ఆ పనే చూడండి. మీ పెండ్లిండ్లకు షామియానాలు కట్టినాం, మార్కెట్లో టమోటా బాక్సులు మోసినాం, మీ పిల్లోళ్లకు లెక్కలు చెప్పినాం. మాది ఈ ఊరే. అద్దెకు ఇల్లుందో లేదో, అది చెప్పండి.